కాకిబంగారపు బిళ్ళ

పెన్న ఒడ్డున శేషతల్పం మీద పవళించి, కొండరాళ్ళ కడుపులో పొరపొరకూ వెలుగు దాచిపెట్టిన తల్పగిరి రంగనాథునికి మ్రొక్కి, ఈ కథకు శ్రీకారం.

అది పందొమ్మిది వందల అరవై నాలుగు. గూడూరు దాపున పద్మనాభయ్య గారి షెడ్డులో నలభైమంది ఆడవాళ్ళు అభ్రకపు రాళ్ళను కత్తితో పొరలుగా విడదీసేవారు. ఊరివాళ్ళకది కాకిబంగారం. వారిలో ఎలిశబెతుది అందెవేసిన చేయి. రేకును రెండు వేళ్ళ మధ్య పట్టి ఆమె చెప్పిన మందాన్నే, ఇంజనీరు జీవానందం కొలత పరికరమూ చెప్పేది. బిట్రగుంట రైల్వే కాలనీలో పుట్టి, మద్రాసులో చదివి వచ్చిన కుర్రవాడతను.

ఒక ఉదయం, జపాను కంపెనీకి నమూనాగా పంపిన పొట్లం తిరిగి వచ్చింది. అందులోవన్నీ ఎలిశబెతు చేసిన బిళ్ళలే. ట్రాన్సిస్టరుకూ దాని కింది లోహపు రేకుకూ నడుమ వేసే ఆ బిళ్ళ వేడిని పోనివ్వాలి, కరెంటును ఆపాలి.

జీవానందం ఉత్తరం చదివి వినిపించాడు. "మందంలో వంక లేదంట. వేడెక్కితే మచ్చ పడి కరెంటు కారతా ఉందంట. ఇంకొక్క నమూనా చూస్తారు. అదీ తప్పితే ఆర్డరు బ్రెజిలుకే."

అభ్రకపు రేకులు వాడే పాత వాల్వు రేడియోలు తగ్గేకొద్దీ షెడ్డుకు పనీ తగ్గుతోంది. ఈ ఆర్డరు పోతే తలుపులు మూయవలసిందే.

"మన గని రాయిలోనే దోషముంది. అట్లనే రాసేద్దాం," అన్నారు పద్మనాభయ్య గారు.

ఎలిశబెతు గుండె కుదుటపడింది. నింద రాయి మీదికి పోయింది కదా.

జీవానందం మాత్రం కిరసనాయిలు స్టవ్వు మీద ఇనుపరేకు పెట్టి, దానిమీద ఒక బిళ్ళ వేశాడు. కాసేపటికి అద్దంలాంటి ఆ బిళ్ళలో గోధుమరంగు చార తేలింది. సన్నని కమురువాసన వచ్చింది. ఎలిశబెతు ఉలిక్కిపడింది. మెంతులు వేసి కాచిన ఆముదం! తన తలనూనె!

నాలుగు పొరలు తీసినప్పుడల్లా కత్తిని కణతల దగ్గరి జుట్టులో ఒకసారి రాయడం ఆమెకు తల్లి నేర్పిన అలవాటు. అలా రాస్తే కత్తి సుళువుగా జారుతుంది. షెడ్డులో అందరూ చేసేదే గనుక ఎవరూ పట్టించుకోలేదు.

ఊరకుంటే అడిగేవారు లేరు. రాయి నోరు విప్పదు. కానీ రెండో నమూనాలోనూ ఈ నూనే పోతుంది. ఆమె కొంగు సరిచేసుకొని ముందుకు వచ్చింది.

"రాయిని అనబాకండయ్యా. అది నా తలనూనె. కత్తిని జుట్టుకు రాసింది నేనే."

పక్కపీట మీది చెంచమ్మ కిసుక్కున నవ్వింది. "ఏందక్కా, జపానోళ్ళకు నీ జడ వాసన పంపించినావా?"

"నీ వాసన పోలేదు, సంతోషించు!" అంది ఎలిశబెతు. పద్మనాభయ్య గారికీ నవ్వు ఆగలేదు.

మరునాడు అందరూ తలకు గుడ్డ కట్టుకొని కూర్చున్నారు. నూనె లేని కత్తి పట్టేసింది. రేకులు చిరిగాయి. రెండు రోజుల్లో ఎలిశబెతు చేతి నుంచి ఒక్క బిళ్ళ సరిగా దిగలేదు.

మూడోనాడు తన పీట కింద ఊడుస్తుంటే, నేల మీది అభ్రకపు పొడి మీద కాలు సర్రున జారింది. పడబోయి గోడ పట్టుకుంది. అరికాలు తడిమి చూసుకుంది. పట్టులా నునుపు, జిడ్డు లేదు. చిటికెడు పొడి తీసి కత్తికి రాసింది. కత్తి పొరలోకి నీళ్ళలోకి దిగినట్టు దిగింది.

"అబ్బయా, దీన్ని కాల్చి చూడు!"

ఆ కత్తితో తీసిన బిళ్ళను జీవానందం స్టవ్వు మీద కాల్చాడు. చార లేదు, వాసన లేదు. "ఇన్నేళ్ళూ ఊడ్చి పారబోసినాం గదా పెద్దమ్మా! నా పుస్తకాల్లో యాడా లేదు ఈ కిటుకు."

రెండో పొట్లం మద్రాసు ఓడలో వెళ్ళింది. రెండు నెలలకు జవాబు వచ్చింది. ఆర్డరు గూడూరుకే. చివర ఒక వాక్యం: ఈ నమూనాలు చేసిన ఇంజనీరు పేరు తెలుపగలరు.

జీవానందం కలం తీసి, ఆమె చూస్తుండగానే ఎలిశబెతు అని రాశాడు.

"నేనేం ఇంజనీరునయ్యా?"

"మరింకెవరు పెద్దమ్మా? ఈ పొద్దు బిళ్ళ పంపినాం. ఆ ట్రాన్సిస్టరు కూడా మన గడ్డన చేసే రోజొస్తుంది."

"రానీ. దానికీ బిళ్ళ నేనే తీస్తా," అంటూ ఆమె కత్తిని పొడిలో అద్దింది.

తప్పును తనదని ఒప్పుకున్న నోటికీ, దాన్ని దిద్దుకున్న చేతికీ మేలు కలుగుగాక. ఈ కథ విన్నవారి ఇళ్ళలో పని నిలుచుగాక, వెలుగు నిండుగాక.