రానక్కర్లేదన్నారు

మా అన్నయ్య సుందర్ రాజ్ అబద్ధమాడడు. మా తెలుగు చర్చిలో ఎవరినడిగినా ఆ మాటే చెబుతారు. నన్నడిగినా అదే చెబుతాను, కాకపోతే పళ్ళు నూరుకుంటూ చెబుతాను.

1981 వేసవి. అమెరికా వచ్చి నోవైలో అన్నయ్య ఇంటి బేస్‌మెంట్‌లో ఉంటున్నాం. నేను నర్సుని కనుక నాకు వచ్చిన కొత్తలోనే పని దొరికింది. మా ఆయన దేవకుమార్ గుంటూరులో మిషన్ కాలేజీలో ఇరవయ్యేళ్ళు చరిత్ర చెప్పారు. ఆ చరిత్ర ఇక్కడెవరికీ అక్కర్లేకపోయింది. అన్నయ్య తనకు తెలిసినవాళ్ళ కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో ఆయనకు మధ్యాహ్నం నుంచి అర్ధరాత్రి దాకా ఉండే సెకండ్ షిఫ్ట్ పని మాట్లాడిపెట్టాడు, ఆయన ఇంకా చేరలేదు. గుంటూరులో ఉన్నప్పుడు "బావగారూ, మీరు" అనేవాడు. నోవైలో దిగాక అది "బావా, నువ్వు" అయిపోయింది. ఆయన పట్టించుకోలేదు గానీ నాకు మాత్రం చెవిలో ముల్లులా గుచ్చుకునేది.

అలాంటప్పుడు పక్క ఊరి కాలేజీలో సాయంకాలం క్లాసుకి యూరప్ చరిత్ర చెప్పేవాళ్ళు కావాలని తెలిసింది. ముందు ఒక పాఠం చెప్పి చూపించమన్నారు. ఆయన వయసులో ఉండగా చర్చి స్కాలర్‌షిప్ మీద ఏడాదిపాటు జర్మనీలో చదివారు. అప్పుడు తీసుకున్న స్లైడ్లన్నీ బయటికొచ్చాయి. బేస్‌మెంట్ గోడకి దుప్పటి కట్టి నా ముందు, అన్నయ్య ముందు పాఠం మొదలెట్టారు.

ఊరి పేరు బాడ్ ఎమ్స్. లాన్ అనే ఏరు అక్కడికి కొంచెం దూరంలోనే రైన్ నదిలో కలుస్తుంది. రెండు పక్కలా కొండలు మీదికి తోసుకొచ్చినట్టుంటే, ఊరికి చోటు చాలక ఒడ్డు వెంబడే పొడుగ్గా సాగిపోయింది. ఒకప్పుడు రోమన్ల సరిహద్దు అటుగానే వెళ్ళేది. వేడినీటి ఊటల కోసం రాజులూ చక్రవర్తులూ వేసవికి అక్కడికే చేరేవారట.

"నేనూ ఓ గ్లాసు తాగాను. గొంతునొప్పికి మనం ఇంట్లో పుక్కిలించే ఉప్పునీళ్ళే!" అని నవ్వారు. ఆయన అలా నవ్వగా చూసి ఎన్నాళ్ళయిందో.

"ఊరి పేరులోనే బ్యాడ్ ఉంది కదా బావా, ఇంకేం బాగుపడతావ్?" అన్నాడు అన్నయ్య.

"బాడ్ అంటే స్నానం, బావా."

"అయితే స్నానం చేసి షిఫ్ట్‌కి రెడీ అవ్వు."

ఆయన విననట్టే తర్వాతి స్లైడ్ వేశారు. ఏటి ఒడ్డున ఒక రాయి. 1870లో ప్రష్యా రాజు అక్కడ నడుస్తుంటే ఫ్రాన్స్ రాయబారి ఎదురొచ్చి ఒక హామీ అడిగాడు. రాజు మర్యాదగానే కాదన్నాడు. ఆ సంగతి టెలిగ్రామ్‌లో బెర్లిన్ వెళితే, రాజుగారి ప్రధాని బిస్మార్క్ దాన్ని కత్తిరించి పత్రికలకిచ్చాడు. కత్తిరించింది చదివితే రాయబారిని గుమ్మంలోంచి గెంటేసినట్టుంది. వారం తిరక్కుండా యుద్ధం వచ్చిపడింది.

అన్నయ్య ఆ పాఠం శ్రద్ధగానే విన్నాడు.

కాలేజీలో పాఠం బాగా వచ్చిందట. గురువారం ఇంకోసారి రండి, డీన్‌గారిని కలవాలన్నారట. ఆయన కోటు నేనే ఇస్త్రీ చేశాను. బుధవారం నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి అన్నయ్య మెట్లమీంచి కేకేశాడు.

"బావా, కాలేజీ నుంచి కాల్ వచ్చింది. రేపు నువ్వు రానక్కర్లేదన్నారు."

ఆయన "అలాగా" అన్నారు. స్లైడ్లు ఒక్కొక్కటీ తుడిచి పెట్టెలో సర్దేశారు. ఒకసారి ఫోన్ చేసి కనుక్కోండని ప్రాణం తీశాను.

"వద్దన్నవాళ్ళని ఎందుకు వద్దన్నారని అడగనా? నాకు చేతకాదు విమలా," అన్నారు. సోమవారం నుంచి ఫ్యాక్టరీకి వెళ్ళారు.

ఆకులు రంగు మారుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం, కాలేజీలో ఆయన పాఠం విన్న ప్రొఫెసర్ ఫోన్ చేశాడు. మీ ఆయనకు ఒంట్లో బాగోలేదా అని అడిగాడు. డీన్‌కి పాఠం సంగతి చెబితే ఇంటర్వ్యూ అవసరం లేదన్నారట. గురువారం రానక్కర్లేదు, సోమవారం నేరుగా వచ్చి క్లాసు మొదలెట్టమని మీ అన్నగారికి చెప్పానన్నాడు. ఆ సోమవారం పిల్లలు ఎదురుచూసి వెళ్ళిపోయారట. క్లాసు ఇంకొకరికిచ్చారట.

వంటింట్లో అన్నయ్యని నిలదీశాను. అన్నయ్య తొణకలేదు.

"వాళ్ళు రానక్కర్లేదన్నారు, నేను రానక్కర్లేదన్నారని చెప్పాను. అందులో అబద్ధం ఏముంది?"

"మరి సోమవారం సంగతి?"

"సాయంకాలం క్లాసంటే సెకండ్ షిఫ్ట్ గోవిందా! ఆ పార్ట్‌టైమ్ చదువులతో ఇల్లు గడుస్తుందా? నా మాట మీద బావని తీసుకుంటామన్నారు వాళ్ళు. నా పరువేం కాను?"

షిఫ్ట్‌కి తయారై ఆయన మెట్ల మీదే నిలబడి ఉన్నారు. అంతా విన్నారు. అరుస్తారనుకున్నాను. అరిచుంటే బాగుండేది.

"ఫ్రాన్స్ వాళ్ళు ఆ కత్తిరించిన వార్త ఎలా నమ్మారు సార్ అని గుంటూరులో పిల్లలు అడిగేవాళ్ళు విమలా. నాకు జవాబు తెలిసేది కాదు. అవమానం ఎప్పుడొస్తుందా అని కాసుకుని కూర్చున్నవాడికి సగం మాట చాలు," అన్నారు. టిఫిన్ డబ్బా తీసుకుని వెళ్ళిపోయారు. 

ఆదివారం చర్చిలో, దేవుడు చేసిన మేలు అందరిముందూ చెప్పుకునే సాక్ష్యాల వేళ అన్నయ్య లేచాడు. కాలేజీ తలుపు మూసుకుపోయినా మా బావకి దేవుడు ఇంకో తలుపు తెరిచాడని, ఆ పనికి తననొక పనిముట్టుగా వాడుకున్నాడని కృతజ్ఞతలు చెప్పాడు. పాస్టర్‌గారు మా ఆయనని కూడా ఒక మాట చెప్పమన్నారు.

ఆయన లేచారు. ఇరవయ్యేళ్ళు క్లాసులో నిలబడ్డ మనిషి, బెంచీ అంచు పట్టుకుని నిలబడ్డారు.

"బావ చెప్పినంతవరకూ నిజమే," అని కూర్చున్నారు.

అందరూ ఆమెన్ అన్నారు. అందరికంటే గట్టిగా అన్నయ్యే అన్నాడు.