లేని పసుపు గౌను

సైకాలజీ ప్రాక్టికల్‌కి విద్యార్థి చేయాల్సిన పనులు నాలుగు. బాగా ఎరిగిన పెద్దవాళ్లలో ఒకరిని ఎంచుకోవాలి. తన చిన్ననాటి సంగతులు కొన్ని నిజమైనవి, ఒకటి కల్పించినది వాళ్లకు చెప్పాలి. వారం పోయాక ఏవి గుర్తున్నాయో అడిగి రాసుకోవాలి. అక్కడినుంచి లేచే లోపే కల్పించింది ఏదో చెప్పేయాలి.

మొదటి మూడూ ఇతిశ్రీ చక్కగా చేసింది. కటక్‌లోని వాళ్లింట్లో కాలేజీ గడప తొక్కింది తనే మొదలు. సైకాలజీ అంటే ఎదుటివాళ్ల మనసులో మాట కనిపెట్టే చదువని వాడకట్టంతా అనుకునేవారు. అమ్మ నూలు మిల్లుకు పోతే తనను పెంచిన పెద్దమ్మ, కుంతలా మావుసినే ఎంచుకుంది. చిన్నప్పుడు బాలిజాత్ర తిరునాళ్లలో నీ చెయ్యి జారి తప్పిపోయాను, గుర్తుందా అని అబద్ధమాడింది. మావుసి లేదంది. వారం తిరిగేసరికి గుర్తొచ్చిందంది. పసుపు గౌనులో ఉన్నావు, పెరుగువడల దహీబరా బండి దగ్గర ఏడుస్తూ దొరికావు అని, ఎవరూ చెప్పని గౌనునూ బండినీ తానే చేర్చి కళ్లు తుడుచుకుంది.

అంత బాగా కుదిరినదాన్ని పాడుచేయబుద్ధి కాలేదు. రేపు చెబుదామనుకుంది ఇతిశ్రీ. తరగతిలో మహాపాత్ర సారు ఆమె రాసుకొచ్చింది చదివించి మెచ్చుకున్నారు. జ్ఞాపకం పెట్టెలో దాచిన చీర కాదు, తీసినప్పుడల్లా మళ్లీ నేసేదే, సాక్షి మాటనైనా మన పాత కోపాన్నైనా తరచి చూసుకోవాలి అన్నారు. మెప్పు తీసుకుని వచ్చాక మావుసి మొహం చూడాలంటేనే బరువనిపించింది. ఆ రేపు కార్తీకం దాకా సాగింది.

బాలిజాత్ర మొదలయ్యాక, ఇతిశ్రీ తన అక్క కూతురు మినిని తిప్పుకురమ్మని అప్పగించబోతే మావుసి చేతులు వెనక్కి పెట్టుకుంది.

"ఇంకెవర్నైనా పంపు తల్లీ. నాది పిల్లల్ని వదిలేసే చెయ్యి."

ఇతిశ్రీ ఆమె కాళ్ల దగ్గర కూలబడి అంతా చెప్పేసింది. తను తప్పిపోలేదు, అసలు తనకు పసుపు గౌనే లేదు, అదంతా కాలేజీ పని.

మావుసి నవ్వింది. "ఇదేనా నీ చదువు నేర్పింది? నేను బాధపడకూడదని అబద్ధమాడతావా?"

"అబద్ధం అప్పుడాడాను మావుసీ. ఇప్పుడు కాదు."

"చాల్లేవే. గౌను జేబు మీద బాతు బొమ్మ కూడా ఉంది. నేను తొడిగింది నాకు తెలీదా?"

అమ్మచేత చెప్పించినా ఎక్కలేదు. పొద్దంతా మిల్లులో ఉండేదానికి ఏం తెలుసంది.

సాయంత్రం తిరునాళ్లకు పోదామని మిని ఏడుపు మానకపోయేసరికి మావుసి లేచింది. చీర చెంగు పిల్ల మణికట్టుకు ముడేసి కట్టి బయల్దేరింది. ఇతిశ్రీ వెనకే నడిచింది. పిల్లా, మేకపిల్లా అని పూరీల కొట్టువాడు వేళాకోళం చేస్తే మావుసి కూడా నవ్వింది. ముడి మాత్రం ఇల్లు చేరేదాకా విప్పలేదు.

ఆవిడకిక ఎవరు చెప్పినా ఎక్కదు. అందుకే ఈ కథ చదివినవారిని అడగడం. కుంతలా మావుసి ఏ తిరునాళ్లలోనూ ఏ పిల్ల చెయ్యీ వదల్లేదు. ఆవిడను మీరైనా అలా గుర్తుపెట్టుకోండి.