చెర్రీ పళ్ల ఆయిల్‌క్లాత్

దయారాణి కుట్టిన సంచిని నేనే పాడుచేశాను.

ఆమె ఆసుపత్రిలో నర్సు. సెలవు రోజుల్లో ఆయిల్‌క్లాత్‌తో సంచులు కుట్టి తోటి నర్సులకు ఇచ్చేది. తనకోసం కుట్టుకున్నది ఇదొక్కటే. తెల్లటి గుడ్డ మీద ఎర్రటి చెర్రీ పళ్లు, పాతకాలపు అచ్చు. ఆమె పోయాక దాన్ని తుడిచి, నాలుగు మడతలు వేసి, చీరల కింద దాచాను. రెండేళ్ల తర్వాత తీస్తే మడతల వెంట పగిలిపోయి ఉంది.

గల్ఫ్‌లో నేనుండే బనియాస్‌లో టైలర్ హయాత్ బాషా దగ్గరికి తీసుకెళ్లాను. కడప మనిషి. సంచి చూసి తల కొట్టుకున్నాడు.

"చీర అనుకుంటిరా సార్, మడిచి పెట్టేదానికి? చాప మాదిరి చుట్టి పెట్టాల దీన్ని. పిల్లోళ్లకు పాఠాలు చెప్తారు, ఈ మాత్రం తెలీదా!"

"మా ఆవిడ కుట్టింది. ఇప్పుడు లేదు," అన్నాను.

అతను మిషన్ మీంచి కాలు తీశాడు.

ఆయిల్‌క్లాత్ కోసం పూర్వం గుడ్డకు కాచిన అవిసెనూనె పూతలు వేసి, ఆరబెట్టి, పైన రంగుల అచ్చు వేసేవారట. ఇప్పుడు నూనె స్థానంలో ప్లాస్టిక్ పూత వచ్చింది. పేరు మాత్రం మారలేదు. మా ఊళ్లో పసిపిల్లల పక్కల మీద, మెస్సుల్లో బల్లల మీద పరిచేది దీన్నే. పులుసు ఒలికినా తడిగుడ్డతో తుడిస్తే పోయేది. అంత చవక వస్తువుకు అన్ని పూలూ పళ్లూ అద్దిన వాళ్లంటే నాకు గౌరవం.

హయాత్ బాషా సంచిని వెలుతురుకు ఎత్తి పట్టాడు.

"ఈ గుడ్డకు సూది దిగితే బొక్క బొక్కే సార్, పూడదు. తప్పు కుట్టి విప్పితే ఆ గుర్తు ఉండిపోతాది. మేడమ్ కుట్టులో చూడండి, ఒక్క బొక్క ఎక్కువ లేదు. గుండుసూదులు కూడా గుచ్చలేదు, బట్టల క్లిప్పులు పెట్టి కుట్టినట్టుండాది. నాకే చేతకాదు."

పదహారేళ్లు చూసిన కుట్టు అది. ఎప్పుడూ గమనించలేదు.

"ఎనకాల గుడ్డ అతికిస్తే సంచి సంచిగానే ఉంటాది, గోడకు తగిలించి చూసుకోవచ్చు. వాడాలంటే మాత్రం కొయ్యాల. పగలని ముక్కతో కళ్లద్దాల సంచి అవుతాది. ఒక పక్క మేడమ్ కుట్టు అట్లే ఉంటాది. ఏం చేద్దాం?"

ఆమె కుట్టిన వస్తువేదీ గోడకు వేలాడలేదు.

"కొయ్యండి," అన్నాను.

శుక్రవారం వెళ్లేసరికి కళ్లద్దాల సంచి సిద్ధంగా ఉంది. అతను మాత్రం ముఖం చిన్నబుచ్చుకుని కూర్చున్నాడు.

"నా పక్క కుట్టు రవ్వంత వంకర పోయింది సార్. విప్పితే బొక్కలు మిగుల్తాయి."

"ఉండనివ్వండి," అన్నాను. అద్దాలు తీసి అందులో పెట్టాను. రెండు అంచులూ వేలితో తడిమాను. ఆమెది ఏదో చూడకుండానే తెలిసింది.