ఆలస్యానికి కారణం

పొయ్యి రాజేయడానికి కాగితాలు కావాలంటే, అటక మీది కట్ట తీసుకోమన్నాడు మా ఆయన జగన్నాధం. మూడేళ్ల కిందట, అరవై ఐదులో, వ్యవసాయాఫీసు తరఫున మా ఊళ్లో ఇల్లిల్లూ తిరిగి ఆయన రాసిన కార్డులవి. ఎవరింట్లో ఏ వరి విత్తనం దాచారన్నదే ప్రశ్న. లెక్క ఆఫీసుకి చేరింది, కార్డులు మా నెత్తిన మిగిలాయి.

మొదటి కార్డు పొయ్యిలో పెట్టబోతూ చదివాను. చివరి గడి పేరు "ఆలస్యానికి కారణం". విత్తనాల కుండ ఏ మూలనుందో మగాళ్లకి తెలియదు కదా, ఇల్లాలు వచ్చేదాకా ఈయన అరుగు మీద కూర్చోవాల్సిందే. ఆ జాగుకి పై ఆఫీసరుకి సంజాయిషీ కావాలి. రాశాడు మహానుభావుడు: "ఇల్లాలు నీళ్లకు వెళ్లింది, గంటంబావు." ఇంకోటి తీస్తే, "నీళ్లకు, గంటన్నర." పనిచేసేవారి గడిలో మాత్రం ఆడవాళ్లు సున్నా. మేం పనివాళ్లం కాదట, ఆలస్యమట! ఒళ్లు మండింది, నవ్వూ వచ్చింది. పొయ్యి సంగతే మర్చిపోయాను.

ఈమధ్యే పంచాయతీ సమితివాళ్లు మా ఊరికి ఒక బావి మంజూరు చేశారు. ప్రెసిడెంటుగారు తన కళ్లం పక్కనే తవ్వాలన్నాడు. మా ఆయనా తలూపి వచ్చాడు. అదే జరిగితే మా వీధి ఆడవాళ్లకి నాగావళి ఇసుకలో తవ్విన చెలమ దాకా నడక తప్పదు. అందుకే పక్కింటి తవిటమ్మని పిలిచాను. నేను కార్డు చదవడం, తను లెక్కకి చింతపిక్క పెట్టడం. అరవై రెండు ఇళ్లలో నలభై ఏడు "నీళ్లకు", అందులో గంట దాటినవన్నీ మా వీధివే.

"మన నడకంతా రాసీసినాడే మీ ఆయన! తనకే తెలీదు" అని తవిటమ్మ పడీపడీ నవ్వింది.

ఆయనకి చూపిస్తే మొహం చిట్లించాడు. "వడ్ల కోసం రాసిన కార్డులివి. బావి గురించి ఏటి సెప్తాయి?"

"మీరడిగింది వడ్ల గురించే. అవి మా గురించి కూడా సెప్తన్నాయి."

సోమవారం పొద్దున్న, చోటు ఖాయం చేయడానికి సమితి ఆఫీసరు వచ్చే వేళకి, కావడి తీసి మా ఆయన భుజాన పెట్టాను. ఏమనుకున్నాడో, చెలమకి వెళ్లాడు.

ఆఫీసరుని మా ఇంటికి పిలిచి కట్ట చేతికిస్తే, కార్డులన్నీ తిరగేశాడు. రాసినాయన వచ్చి, ఇది తన రాతేనని చెప్పాలన్నాడు. అరుగు మీద పీట వేశాను. ఎండెక్కింది. ఆఫీసరు గడియారం చూసుకుంటున్నాడు. నేను ఖాళీ కార్డు ఒకటి తీసి, చివరి గడి నింపి చేతికిచ్చాను.

"భర్త నీళ్లకు వెళ్లాడు, గంటన్నర."

ఆఫీసరు చదివి, లేచి, మా వీధికి నడిమధ్య చోటు ఎక్కడని అడిగాడు.