పువ్వుతో ఆపిన వైఫై

పదకొండు గంటలకు డాక్టరమ్మ వీడియోలోకి వస్తుంది. పది నలభైకి వైఫై పెట్టె మీద లైటు ఎర్రబడింది.

యువరాణి గడియారం చూసుకుంది. ఐదేళ్ల కూతురు షణ్ముగప్రియకు నత్తి. పిల్లలు వెక్కిరిస్తున్నారని బడికే పోనంటోంది. కోయంబత్తూరు డాక్టరమ్మ టైము దొరకడానికి రెండు నెలలు పట్టింది. ఇవాళ తప్పితే ఇంకో రెండు నెలలు ఆగాలి. ఇంట్లో ఫోను సిగ్నలు మాటలకే అంతంతమాత్రం, వీడియో మాట సరేసరి.

భర్త రామ్‌కుమార్ మునక్కాయల లోడుతో ఒట్టన్‌చత్రం సంతకు పోయాడు. ఫోను ఎత్తలేదు. సిగ్నలు కోసం మేడ మెట్లెక్కి, వైఫై పెట్టిన కేబుల్ ఇరుళప్పన్‌కు చేసింది.

"స్విచ్చి ఆపి మళ్లీ వెయ్యక్కా. వెంటనే వెయ్యొద్దు, ఒక నిమిషం ఆగాల. దానికీ ఊపిరి తిరగాల గదా!"

అంతేనా అనుకుంటూ దిగింది. కానీ పెట్టె ఉన్నది సామి గూట్లో. ఆయుధపూజ నాడు అత్త ధనభాగ్యం దానికి గంధం, కుంకుమ పెట్టి, పూలు కుట్టిన గుడ్డ కప్పి, దీపం పక్కనే కూర్చోబెట్టింది. ఇప్పుడు గూటికి అడ్డంగా నిలబడింది.

"శుక్రవారం పూట సామి దగ్గర వెలిగేదాన్ని ఆర్పేదా? ఇంటికి అచ్చొస్తుందా మ్మే?"

"అది దీపం కాదత్తా, మిషను."

"తొమ్మిదితో బడి మానినదానివి, మిషన్ల సంగతి నీకేం తెలుసు? చెడిపోతే ఎవరు జవాబు చెప్పేది? నా కొడుకొచ్చి చూసుకుంటాడులే."

చాచిన చెయ్యి వెనక్కి వచ్చేసింది. నిజంగానే చెడిపోతే? అంతలో గుమ్మంలోంచి పాప పిలిచింది. "అ... అ... అమ్మా, డా... డా..." మాట పెగలక తల దించేసుకుంది.

యువరాణి పూలబుట్టలోంచి ఒక మల్లెపువ్వు తీసింది.

"అత్తా, పూజ అయినాక దీపాన్ని మీరేం చేస్తారు?"

"ఆర్పుతానా ఏంది? పువ్వుతో కొండెక్కిస్తా."

"దీన్నీ అట్లే కొండెక్కిద్దాం. మళ్లీ వెలిగించేది మీరే."

ధనభాగ్యం పువ్వునీ పెట్టెనీ మార్చి మార్చి చూసింది. అడ్డు చెప్పడానికి ఏ శాస్త్రమూ గుర్తు రాలేదు. పక్కకు జరిగింది.

యువరాణి పువ్వు అడ్డం పెట్టి స్విచ్చి నొక్కింది. లైట్లన్నీ పోయాయి. గుడ్డ తీసి చూస్తే పెట్టె పెనంలా కాలుతోంది.

"అయ్యో, జరమొచ్చినట్టుందే!" అంది అత్త.

"ఒకటి, రెండు, మూడు..." యువరాణి లెక్క మొదలుపెట్టింది. పాప వచ్చి చెయ్యి పట్టుకుని గొంతు కలిపింది. ఇరవై దాటాక గానీ యువరాణికి తట్టలేదు, పాప ఎక్కడా తడబడలేదని. ముప్పై దగ్గర కావాలనే గొంతు ఆపేసింది. పాప ఆగలేదు. "యాభై తొమ్మిది, అరవై!"

అత్త కళ్లు తుడుచుకుంటూ పువ్వుతో స్విచ్చి వేసింది. ఒక లైటు వెలిగింది. రెండోది మిణుకుమంది, ఎర్రబడింది, మళ్లీ మిణుకుమంది. చివరికి పచ్చగా నిలిచింది!

"వచ్చెనే!" ధనభాగ్యం చప్పట్లు కొట్టింది. పది యాభై ఎనిమిది.

డాక్టరమ్మ తమిళంలో పేరడిగింది. పాప "ష... ష..." దగ్గరే చిక్కుకుంది. యువరాణి ముందుకు వంగింది. "అమ్మా, లెక్కపెట్టమనండి. ఇందాక అరవై దాకా ఒక్కచోటా తడబడలేదు."

"అట్లాగా? మీ ఇంటి తెలుగులోనే పెట్టు, కన్నా."

పాప పెట్టింది. డాక్టరమ్మ ముఖం విచ్చుకుంది. "లెక్కలో వచ్చిన గొంతు మాటలోకీ తెద్దాం. నాలుగు నెలలు పడుతుంది, పట్టనీ. ఇది మీకెవరు చెప్పారు?"

"వైఫై ఆపి కూర్చున్నామమ్మా, అప్పుడు తెలిసింది."

డాక్టరమ్మ పకపకా నవ్వింది.

మధ్యాహ్నం సీరియల్ నడుమ టీవీలో బొమ్మ బిగుసుకుపోయింది. సరిగ్గా అప్పుడే రామ్‌కుమార్ ఫోను. ధనభాగ్యమే ఎత్తింది.

"నువ్వు నీ మునక్కాయలు చూసుకో రా. మిషన్లు చూసుకునేదానికి నా కోడలుంది." ఫోను పెట్టేసి కొప్పులోంచి పువ్వు తీసింది. "మ్మే యువరాణీ, టీవీ పెట్టెకూ ఊపిరి తిప్పుదాం రా!"

పాప అప్పటికే గోడ మీది స్విచ్చి దగ్గర నిలబడింది.

"ఒకటి!"