ఇందుమతీదేవి యాగ్రహవృత్తాంతము

వైశాఖమాసము సగము గడిచెను. పాపాఘ్నీనదీపరిసరములయందు ప్రచండమార్తాండుడు నిప్పులు చెరుగుచుండ నదిలో నీరను మాట మఱపునకు వచ్చి తెల్లని యిసుక మాత్రమే వంకలు తిరిగి పాఱుచున్నట్లు తోచుచుండెను. ఉభయతీరములయందును పొరలుపొరలుగా పేర్చబడిన సున్నపుఱాతి గుట్టలు పశుపక్షిమనుష్యాది సమస్తజంతువులును జన్మింపకమునుపే యింకిపోయిన యొకానొక పురాతనసముద్రముయొక్క యడుగుభాగము తామేయని యడిగినవారికెల్ల చెప్పుటకు సిద్ధముగా నుండెను గాని యట్లడుగువారు బొమ్మరాయిపల్లెలో నెవ్వరును లేరు. వారడుగునది యొక్కటే. నీళ్లెక్కడ నున్నవి? ఆ ప్రశ్నకు గుట్టలు బదులు చెప్పలేదు. తుమ్మచెట్ల పలుచని నీడలో మేకలు రొప్పుచు పరుండెను.

ఆ యెండలో నొక స్త్రీ ప్రతిదినమును నేలను పరీక్షించుచు తిరుగుచుండెను. ఆమె పేరు ఇందుమతి. భూగర్భరహస్యములను యంత్రసహాయమున కనిపెట్టు శాస్త్రమునందు నిష్ణాతురాలై యీ యొక్క నదీప్రాంతమును తప్ప మఱియొక ప్రాంతమును తలపెట్టక యౌవనమెల్ల నిచ్చటి ఱాళ్లకే ధారపోసిన విదుషీమణి. ఱాళ్ల విషయమున నామె యోర్పునకు మేరలేదు. మనుష్యుల విషయమున నది బొత్తిగా లేదు. పిలిచిన పలుకని వానిమీదను పిలువక పలికిన వానిమీదను సమానముగా విసుగుకొనెడి స్వభావము.

సున్నపుఱాతి పొరల క్రింద నెచ్చటనో యొక నల్లఱాతి గోడ పూర్వము ద్రవరూపమున పైకెగసి గడ్డకట్టి నిలిచియున్నదనియు నేలలో నింకిన నీరు దానిని దాటలేక దాని ప్రక్కనే నిలిచియుండుననియు నామె సిద్ధాంతము. నల్లఱాతియందు అయస్కాంతశక్తి యధికము గావున తగిన యంత్రముతో పొలమంతయు నడుగడుగునను కొలిచినచో గోడ జాడ పటముపై తానే తేలును. ఎన్నియో విన్నపముల పిమ్మట ఆ యూరికి సర్కారువారి బోరుయంత్రము మంజూరయ్యెను. అది వచ్చి యామె గుఱుతు పెట్టినచోట నొక్క బోరు వేసి వెడలిపోవును. రెండవది లేదు. గుఱుతు తప్పినచో ఊరివారు మరల నెన్నేండ్లు ట్యాంకరు వెంట బిందెలతో పరుగెత్తవలయునో యామెకు చక్కగా తెలియును.

ఈ కొలతకు ఒక నియమము గలదు. భూమియొక్క యయస్కాంతశక్తి ఉదయ మొకరీతిగను సాయంకాల మొకరీతిగను మాఱుచుండును గనుక ప్రతిదినమును ఒక్కచోటనే కొలత నారంభించి యచ్చటనే ముగింపవలయును. తక్కిన కొలతలన్నియు దానితో పోల్చి సవరింపబడును. ఇందుమతి యూరిబయట మెట్టపై నొక ఱాతిని అందులకై యేర్పఱచుకొనెను. ఇనుము దాపుననున్న కొలత చెడును గావున చీలలున్న చెప్పులు దూరముగా విడుచును. తలపిన్నులు తీసి జడ విప్పుకొనును. ఆమె యంత్రమును మోయు మస్తాన్ సాహెబు నడుముపట్టా విప్పి తుమ్మకొమ్మకు తగిలించును. అంతట నిరువురును మౌనముగా ఱాతిని సమీపించి యంత్రమును నాలుగు దిక్కులకును త్రిప్పి వంగి చూచి మౌనముగానే మరలుదురు. ఉదయము నొకసారి. సాయంకాలము నొకసారి. ఈ తంతును ఊరంతయు కన్నులప్పగించి చూచుచుండెను.

నదికి పడమటిభాగమును కొలుచుట ముగిసిన పిమ్మట నామెకు వడదెబ్బ తగిలి కొన్నాళ్లు కడపలో విశ్రమింపవలసి వచ్చెను. తిరిగివచ్చి చూచునప్పటికి ఱాయి పసుపు పూసుకొని కుంకుమబొట్లు పెట్టుకొని వేపమండల నడుమ నిండుముత్తైదువవలె కూర్చుండియుండెను. దానియెదుట సుంకమ్మ యను వృద్ధురాలు చీపురుతో నూడ్చుచుండెను.

"అవ్వా, ఇదేమిటి?" అని ఇందుమతి నిర్ఘాంతపోయి యడిగెను.

"నువ్వే గదా మేడమ్ మాకు చూపించింది! దినామూ చెప్పులిడిసి, జుట్టిరబోసుకొని, నాలుగు దిక్కులకూ మొక్కితివి. చదువుకున్న దానివి ఊరికే మొక్కుతావా? ఇన్నాళ్లూ ఈడ అమ్మ ఉండాదని మాకే తెల్దు."

ఇందుమతి కొలతకును మ్రొక్కునకును గల భేదమును వివరింప బూని రెండు వాక్యములు చెప్పి మూడవదానియందు విసిగి మానివేసెను. పసుపునకు అయస్కాంతగుణము లేదు. కుంకుమకు నంతకన్న లేదు. పోనిమ్మని యూరుకొని నదికి తూర్పుభాగమున మిగిలిన పని సాగించెను. ఆ యూరుకొనుటయే యామె చేసిన తప్పు.

పని ముగిసి పటము సిద్ధమగుసరికి అందొక యద్భుతము గోచరించెను. పడమటి భూమికిని తూర్పు భూమికిని నడుమ కొలతలు కత్తితో కోసినట్లు ఒక్కసారిగా పడిపోయెను. నేల యడుగున గొప్ప చీలిక యొకటి పొడుగునను బాఱి యొకవైపు ఱాయి యంతయు క్రిందికి క్రుంగినగాని యట్లు జరుగదు. ఇంతకాలమునుండి యెవ్వరికిని గానరాని మహాభ్రంశము! ఇందుమతి ఆనందము పట్టలేక మస్తాన్ సాహెబునకు తన చేతితో టీ కాచి యిచ్చెను. ఆతడు భయపడి త్రాగెను.

ఐనను శాస్త్రజ్ఞురాలు గావున మఱునాడు పడమటివైపున పూర్వము కొలిచిన చోటినే మరల కొలిచి చూచెను. పాతలెక్కకును క్రొత్తలెక్కకును పొసగలేదు. రెండవచోటను అంతే. మూడవచోటను అంతే. నేల తనయంతట తాను మాఱదు. ఆనందము దిగిపోయి యామెకు ఒడలెల్ల మండెను.

"సాహెబూ! నీ యొద్ద ఇనుమున్నది. నిజము చెప్పుము!"

"నా ఒంట్లో రగతంలో ఉండేది తప్ప ఇనుమే లేదు మేడమ్. డాక్టరు అది గూడా తక్కువే అన్న్యాడు" అని యాతడు దీనముగా పలికెను.

ఆమె యాతని జేబులు వెదకెను. తన కొంగు దులిపెను. యంత్రమును విప్పి మరల బిగించెను. దోషము కనబడలేదు. బోరుయంత్రము వచ్చుదినము సమీపించుచుండెను. నిద్రలేని కన్నులతో నామె మిట్టమధ్యాహ్నమున మెట్టపైని యా కొలతఱాతియొద్దకు వచ్చి జడ విప్పి పాదరక్షలు విడిచి యంత్రమును నిలిపి చూచుచుండగా సుంకమ్మ పదిమందితో పూజకు వచ్చెను.

"మా శూలం మీద నిలబడొద్దు మేడమ్, కొంచెం పక్కకు జరుగు."

"ఏ శూలము?"

"రాయి కింద పాతినాం గదా! నువ్వు కడపకు బోయినప్పుడు. ఎండిపోయిన బోరు పైపుంటే కొలిమిలో కాల్చి నిలువెత్తు శూలం కొట్టించినాం. పైన పెడితే దొంగలెత్తుకపోతారని లోపల పాతినాం."

మస్తాన్ సాహెబు రెండు చేతులతో తల పట్టుకొనెను. ఇందుమతి యంత్రమును దించి ఱాతివంక చూచెను. మహాభ్రంశము లేదు. క్రుంగిన నేల లేదు. ఉన్నది గొట్టమే. నీటి జాడకై తాను పటము వ్రాయుచుండ నీరు లేని బోరుయొక్క గొట్టమే దానిని చెఱిపినది.

ఐనను దారి మూసికొనిపోలేదు. శూలమును వెలికితీసి యొక్కసారి కొలిచినచో దోషపరిమాణము తేలును. దానిని బట్టి తూర్పు కొలతలన్నియు సవరింపవచ్చును. ఈ మాట నామె యెంతయో నిగ్రహముతో వారికి వివరించెను. వారు శ్రద్ధగా విని తలలూపిరి. సుంకమ్మ నిదానముగా బదులు చెప్పెను.

"నువ్వు చెప్పేది న్యాయమే మేడమ్. గానీ పాతిన శూలం మనుషులు తీసేదానికి లేదు. అమ్మే పలికి తియ్యమనాల."

"అవ్వా, మీ నీళ్ల కొఱకే యడుగుచున్నాను."

"నీళ్లిచ్చేది గూడా అమ్మే గదా!"

అప్పుడా నిగ్రహము తెగినది. ఎండలో కాలిన బండ యరికాళ్లను మండించుచుండ నామె యొకచోట నిలువలేక గంతులు వేయుచు విరబోసిన జుట్టు ముఖముపై పడ నెఱ్ఱబాఱిన కన్నులతో నిలువెల్ల వడవడ వణకుచు బొంగురుపోయిన గొంతుతో కేకవేసెను.

"తియ్యండి దాన్ని! ఇప్పుడే తియ్యండి! నా రాతి కింద నాకు ఇనుము పనికిరాదు!"

అంతట సుంకమ్మ చేతులు జోడించి నేలకు సాగిలపడెను. "అమ్మ పలికింది!" అను కేకలు మిన్నుముట్టెను. ఎవరో పరుగున పోయి గడ్డపాఱ తెచ్చిరి. ఎవరో యామె పాదములపై కడివెడు పసుపునీళ్లు పోసిరి. మండుచున్న కాళ్లకు ఆ చల్లదనము ప్రాణము లేచివచ్చినట్లుండుటచే నామె కాళ్లు వెనుకకు తీసికొనలేకపోయెను. ఇంతటి విదుషికిని అది సిగ్గుచేటేయని మనము చెప్పకతప్పదు.

"నేను దేవతను కాను! నాకు కోపము వచ్చినది, అంతే!" అని యామె మొఱపెట్టుకొనెను.

"వచ్చినోళ్లకు వచ్చినట్టు తెలుస్తాదా తల్లీ?" అని సుంకమ్మ యామెను లాలించెను. ఈ వాదమునకు ప్రతివాదము శాస్త్రములయందెచ్చటను లేదు.

శూలము వెలికివచ్చెను. గడ్డపాఱతో కూడ దానిని దూరముగా మోయించి ఇందుమతి కొలిచెను. తేడా పటములో కొలతలు పడిపోయిన మేరకు సరిగా సరిపోయెను. సవరించిన పటమున మహాభ్రంశము మాయమై తూర్పున కొఱ్ఱచేని యంచున సన్నని నల్లఱాతి గోడ యొకటి యణకువగా బయటపడెను. ఆమె దానికి పడమటిప్రక్కన సున్నముతో గుఱుతు పెట్టెను.

వార్త తెలిసి ఊరివారు గుమిగూడిరి. వారు బోరు వేయింపదలచినది అమ్మ ఱాతి ప్రక్కన.

"కొఱ్ఱచేనిలో నీరుండవచ్చును" అని ఇందుమతి చెప్పెను.

"ఉండొచ్చు అంటే ఎట్ల తల్లీ? అమ్మ ఎక్కడన్నా ఉండొచ్చు అంటాదా? ఆ పొద్దు పలికినట్టు కోపంగా చెప్పు, నమ్ముతాం" అని సుంకమ్మ యనెను.

ఆమె విషయము నెఱిగెను. ఒక్క కేక చాలును. జడ విప్పి యొక్క గంతు వేసిన నూరంతయు కొఱ్ఱచేనికి నడచును. కాని తనకు తెలిసినది ఉండవచ్చుననియే. దానికి మించి యొక్క యక్షరమైనను తెలియదు. పిలువకయే వచ్చు నా కోపము ఆ వేళ నెంత వెదకినను దొరకలేదు.

"కొఱ్ఱచేనిలో ఉండవచ్చు. అంతవరకే నాకు తెలుసు. ఆ రాతి పక్కన మాత్రం లేదు. అడుగున అంతా గట్టి బండ. అక్కడ లేదు!" అని తుదిమాట యామె తనకు తెలియకయే గట్టిగా ననెను.

సుంకమ్మ యా ముఖమును పరీక్షగా చూచెను. "లేదన్నది గట్టిగా అనింది. అదీ మాట. పదండ్రా కొర్రచేనికి" అని ముందు నడచెను.

రెండు దినములకు బోరుయంత్రము వచ్చి కొఱ్ఱచేనియందు నిలిచి నేల దద్దఱిల్ల త్రవ్వ నారంభించెను. తెల్లని ఱాతిపొడి మేఘమువలె లేచెను. నీరు తగిలినచో నది తడిసి నల్లబడవలయును. ఊరివారు తుమ్మనీడలయందు కూర్చుండి రానున్న నీటితో ముందు వేరుసెనగ వేయవలయునా వరి వేయవలయునా యని తగవులాడుకొనుచుండిరి. ఇందుమతి యొక్కతె యెండలో నిలుచుండి యా పొడివంక చూచుచు గజగజ వణకుచుండెను. అది చూచి సుంకమ్మ వడివడిగా వచ్చి చేతులు జోడించెను.

"అమ్మ మళ్లీ వచ్చిందా తల్లీ?"

"కాదవ్వా. ఇది భయం."

ముసలిది జోడించిన చేతులు దింపెను. ఇన్నాళ్లుగా ఇందుమతి చెప్పిన మాటలలో నున్నదున్నట్లుగా నామె నమ్మినది అదియొక్కటే.

"నాకూ భయమే మేడమ్. వాళ్లతో చెప్పలేదు గానీ" అని పలికి చీరకొంగును ఇరువురి తలలకును సరిపోవునట్లు పైకెత్తి పట్టి యామె ప్రక్కన నిలిచెను. యంత్రము త్రవ్వుచునే యుండెను. పొడి యింకను తెల్లగనే యుండెను.