బీయూన్ తింటే నిండే కడుపులు

విందున్న రోజు బీయూన్ తెల్లవారకముందే లేచి పంది ఎముకల పులుసు పొయ్యి మీద పెట్టేది. జియాలీ ఊళ్లో ఎవరింట పెళ్లయినా వీధికి అడ్డంగా డేరా వేసి, వంటకి ఆ అక్కాతమ్ముళ్లనే పిలిచేవాళ్లు. బల్లలూ గిన్నెలూ తమ్ముడు కున్‌చెంగ్ చూసుకునేవాడు, రుచి చూడటం అక్క పని. బీయూన్ భారీ మనిషి. అక్క పక్కన నిలబడితే డేరాకి ఇంకో రాట అక్కర్లేదని వాడు ఆటపట్టించేవాడు. ఆమె గరిటె పుచ్చుకుని తరిమేది.

వాళ్ల నాన్నకి షుగరు వచ్చి కాళ్లు తీసేశారు, ఆ తర్వాత ఆయన ఎన్నాళ్లో బతకలేదు. ఆ షుగరే తనకీ వచ్చేసరికి బీయూన్ హడలిపోయి, తైనాన్ పట్నం వెళ్లి, తిండి తగ్గేలా కడుపు సంచి చాలావరకు కోయించేసుకుంది. అరటిపండంత మిగిల్చారు. మనిషి సగమైంది, షుగరు పోయింది. రిపోర్టులు చూసి డాక్టరు జువాంగ్ మురిసిపోయాడు. ఆమెకు మాత్రం ఆ ఒళ్లు తనది కాదనిపించేది. జుట్టు ఊడింది, మండుటెండలోనూ చలేసేది, ఒక ముద్ద ఎక్కువైతే వాంతి. బాగాలేదంటే నమ్మేదెవరు, కాగితాలు బాగున్నాయి కదా!

దానికి తోడు, ఆపరేషన్ అయ్యాక ఆమె మూడు చెంచాలు తింటే చుట్టుపక్కల ఉన్నవాళ్లందరి కడుపూ నిండిపోయేది. ఓ పెళ్లిలో ఆమె పులుసు రుచి చూసిందో లేదో, పీతల పళ్లెం రాకముందే చుట్టాలంతా త్రేన్చుకుంటూ లేచారు. బీయూన్ తిన్నట్టుందిలే అనుకుని, మిగిలినవి పొట్లాలు కట్టించుకుని పోయారు. పెళ్లివారికి మాత్రం తలకొట్టేసినట్టయింది. కొన్నాళ్లు ఇంట్లో ఉండక్కా అన్నాడు కున్‌చెంగ్, తల దించుకుని. మళ్లీ పిలవలేదు.

వాళ్లమ్మ పక్షవాతం వచ్చి రెండేళ్లుగా ముసలివాళ్ల ఆసుపత్రిలో ఉంది. మింగలేదు. ముక్కులో గొట్టం వేసి పాలలాంటిదేదో పోస్తారు. ఆకలి, ఆకలి అని రోజంతా ఏడుపే. లెక్క ప్రకారం కడుపు నిండానే పోస్తున్నామంది నర్సు. ఆ మాటకి బీయూన్‌కి ఒళ్లు మండింది. తనకీ ఇదే కదా చెబుతున్నారు.

మర్నాడు పాలచేప గంజి వండి తెచ్చి, అమ్మ మంచం పక్కనే కూర్చుని తింది. మూడు చెంచాలకే వార్డంతా త్రేన్చింది. నర్సులు అన్నం డబ్బాలు మూసేశారు. అమ్మ మాత్రం పెదాలు చప్పరించి, చేప బాగుంది, ఇంకా తినమంది. రెండేళ్ల ఆకలి మరి. గిన్నె సగమయ్యేసరికి బీయూన్‌కి కడుపులో మెలిపెట్టేసింది. బాత్రూంలోకి వెళ్లి కక్కి వస్తే, అమ్మ మళ్లీ ఆకలని మొదలెట్టింది. పాపం, బీయూన్ ఇంకేం చేస్తుంది? కక్కకుండా ఓర్చుకోవడం నేర్చుకుంది. చెమటలు పోసినా, గుండె దడదడలాడినా కదలకుండా కూర్చునేది. రోజూ వచ్చేది, రోజూ తినేది. కడుపు సాగింది, మనిషి మళ్లీ ఒళ్లు చేసింది.

షుగరు తిరిగొచ్చింది. కాలివేళ్లు మొద్దుబారాయి. జువాంగ్ రిపోర్టు బల్ల మీద పడేశాడు.

"మళ్లీ కోయడానికి అక్కడేం మిగల్లేదమ్మా. మీ నాన్నగారి దారే పడతారు."

"నా ఒంట్లో ఇంత బాగా ఎప్పుడూ లేదు డాక్టరుగారూ," అందామె. రాత్రిళ్లు నిద్ర పడుతోందనీ, చలి పోయిందనీ చెప్పింది. భయంగా ఉందని కూడా చెప్పింది. ఆయన ఆ ఆఖరి మాట ఒక్కటే రాసుకుని మానసిక డాక్టరు దగ్గరికి వెళ్లమన్నాడు.

ఆమె నేరుగా అమ్మ దగ్గరికి వెళ్లింది. గంజి తిని గిన్నె పక్కన పెట్టింది. అమ్మ కదిలే చేత్తో కూతురి బుగ్గ తడిమి చూసింది.

"ఇప్పుడు బాగున్నావే. ఆ మధ్యెవరో బక్కమనిషి వచ్చి కూర్చునేది. నువ్వెందుకు రావట్లేదా అని ఏడ్చేదాన్ని."

"వచ్చేశాను కదమ్మా."

"అయితే ఇంకో గిన్నె పెట్టుకో. నాకింకా ఆకలి తీరలేదు."

బీయూన్ పెట్టుకుంది.